తులం కాదు, మస్టర్

నాకు 72 ఏళ్లు. అందులో 50 ఏళ్లు గోదావరిఖని లక్ష్మీనగర్‌లో, ఒక సందు చివర, రెండు మంచాలు పట్టనంత కొట్టులో గడిచాయి. నాది అవుసలి పని. పుస్తెలు, మెట్టెలు, ముక్కుపుల్లలు, తెగిన గొలుసులకు అతుకులు. బొగ్గు బాయి దిగి వచ్చిన మనిషి జీతం రోజున కొట్టు మెట్టెక్కుతుంటే, ఈసారి అర తులమా తులమా అన్నది అతని నడకలోనే తెలిసిపోయేది. దసరాకి లాభాల వాటా, దీపావళికి బోనస్. ఆ రెండు నెలల్లో కుంపటి ఆరేది కాదు.

మెషిన్ గొలుసుల షోరూములు వచ్చాక గిరాకీ పలచబడింది. నా చేతికింద పనిచేసిన కుర్రాళ్లిద్దరూ ఆ షోరూముల్లోనే కౌంటర్ వెనక నిలబడ్డారు. నాకు తీరిక దొరికింది. ఆ తీరికలో బొగ్గును వెండిలో పొదగడం మొదలుపెట్టాను. తరువాత పాత సామాను కొట్లో దొరికిన ఇనుప తాడు, పవర్‌హౌస్ బూడిద, లక్క, ఏది చేతికి చిక్కితే అది. మా ఇంటామె దీన్ని పిచ్చి అంటుంది. హైదరాబాదులో డిజైన్ చదివే మనవరాలు ఆర్ట్ జువెలరీ అంటుంది. ఇద్దరి మాటా కొట్టిపారేయలేను.

పోయిన బతుకమ్మకు వచ్చినప్పుడు మనవరాలు ఒక నోటుబుక్కు నా ముందు పెట్టింది. "తాతా, నీకు తెలిసింది రాసియ్యి. నంబర్లేసి రాయి. లేకుంటే కథల్ల వడి కొట్టుకపోతవు" అంది. నంబర్లు వేశాను. కథల సంగతి నా చేతిలో లేదు.

1. ఒక్క లోహాన్నే నమ్ముకోవద్దు

మా నాయన కరీంనగర్‌లో బంగారం పని చేసేవాడు. 1963లో బంగారం నియంత్రణ వచ్చింది. 14 క్యారెట్లకు మించిన బంగారంతో కొత్త నగ చేయకూడదన్నారు. 14 క్యారెట్లంటే నూటికి 58 పాళ్లే బంగారం, మిగతా రాగి, వెండి. 22కి అలవాటుపడ్డ చేతికి ఆ లోహం మొండిఘటం. సుత్తికి లొంగదు. రెండు దెబ్బలు ఎక్కువ పడితే అంచు పగులుతుంది. అయినా 14 క్యారెట్ల పుస్తె కూతురి మెడలో కట్టించే తండ్రి ఎక్కడుంటాడు? దేశంలో ఎంతోమంది కంసాలులకు పని పోయింది. కొందరు ప్రాణాలే తీసుకున్నారు. 14 క్యారెట్ల నిబంధన 1966లో పోయినా, బంగారం నియంత్రణ 1968లో చట్టమైంది, 1990లో గాని రద్దు కాలేదు.

వెండి మీద ఆ కట్టడి లేదు. ముప్పై దాటిన వయసులో మా నాయన మళ్లీ శిష్యుడై, తనకంటే చిన్నవాడి ముందు కూర్చుని వెండి తీగ పని నేర్చుకున్నాడు. నేను పుట్టింది బంగారప్పని ఇంట్లోనే అయినా పెరిగింది వెండి రజనులో. ఆ కట్టడి రాకపోతే నాకు తీగ పని వచ్చేది కాదు, తీగ పని రాకపోతే బొగ్గు జోలికి వెళ్లేవాణ్నే కాదు.

2. ముందు తీగ, తరువాతే ఏదైనా

కరీంనగర్ ఫిలిగ్రీ గురించి ఇప్పుడు అందరికీ తెలుసు. భౌగోళిక గుర్తింపు ఉంది. 2023లో జీ20 సమావేశాలకు వచ్చిన విదేశీ అతిథుల కోటు మీద పెట్టుకోవడానికి అశోకచక్రం బ్యాడ్జీలు మా కరీంనగర్ చేతుల్లోంచే వెళ్లాయి. పని మొదలైంది మాత్రం పక్కనున్న ఎలగందులలో, కోట కింద. అత్తరుదానులు, పాన్‌దానులు, పళ్లేలు, నెమళ్లు, నగల పెట్టెలు. ఎక్కువగా ఇంట్లో పెట్టుకునే వస్తువులే, ఒంటి మీద పెట్టుకునేవి తక్కువ.

పని ఇట్లా ఉంటుంది. వెండిని మూసలో కరిగించి కడ్డీ పోస్తాం. కడ్డీని కమ్మచ్చు రంధ్రాల్లోంచి లాగుతాం. ఒక్కో రంధ్రం ముందుదానికంటే చిన్నది. లాగినకొద్దీ వెండి బిరుసెక్కుతుంది, అప్పుడు మంట చూపించి మెత్తబరచి మళ్లీ లాగాలి. వెంట్రుక మందానికి దిగాక రెండు తీగలు కలిపి పురి పెట్టి, ఆ పురిని చదును చేస్తాం. అప్పుడు దాని అంచు గాట్లు గాట్లుగా వస్తుంది. ఫిలిగ్రీ మీద పడిన వెలుగు అట్లా మిణుకుమిణుకుమనడానికి కారణం ఆ గాట్లే. మందమైన తీగతో చట్రం కట్టి, లోపల ఈ సన్నతీగను చుట్టలు చుట్టి, పూరేకులుగా వంచి, ఒకదానికొకటి ఆనేలా ఇరికిస్తాం. టంకం పొడి, వెలిగారం చల్లి ఊదుగొట్టంతో మంట. ఒక్క క్షణం తక్కువైతే అతకదు. ఒక్క క్షణం ఎక్కువైతే మూడు రోజుల అల్లిక కళ్లముందే ముద్ద అవుతుంది.

మనవరాలి కాలేజీలో కంప్యూటర్‌లో గీస్తే మెషిన్ అదే జాలీని రేకులోంచి కోసిస్తుందట. తెచ్చి చూపించింది. శుభ్రంగా ఉంది. కానీ అది రేకుకు పడ్డ చిల్లులు, తీగల మధ్య మిగిలిన సందులు కావు. ఆ తేడా కంటికి తెలియకపోతే వేలితో తడిమి చూడమన్నాను. తడిమి ఊరుకుంది. ఒప్పుకుందో లేదో తెలియదు.

3. బొగ్గు దగ్గరికి వచ్చేసరికి నిప్పు మరిచిపోవాలి

ఇది నేర్చుకోవడానికి నాకు రెండు కనుబొమ్మలు ఖర్చయ్యాయి.

మొదటిసారి బొగ్గు పతకం చేసినప్పుడు, ఎర్రరాయి పెట్టినట్టే దాన్ని వెండి గూట్లో కూర్చోబెట్టి, వెనక కొక్కెం అతకడం మరిచిపోయానని గుర్తొచ్చి, అలాగే మంట పెట్టాను. ముందు పొగ. తరువాత తారు వాసన. ఆ తరువాత టప్పుమని పేలి ముక్కలు మొహాన పడ్డాయి. బొగ్గు లోపల తేమ ఉంటుంది, ఆవిరైపోయే సరుకూ ఉంటుంది. ఉన్నపళంగా వేడి తగిలితే అది బయటికి రావడానికి దారి వెతుక్కుంటుంది. బాయి ఊళ్లో 40 ఏళ్లు బతికి ఈ మాత్రం తెలియని ముసలాణ్ని చూసి మా బావమరిది పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయన రిటైరైన ఫిట్టరు.

ఇంకో వింత చెప్తాను. ఇంత బొగ్గు ఊళ్లో ఉండి కూడా నా కుంపట్లో రాక్షసిబొగ్గు ఎన్నడూ వేయలేదు. ఎప్పుడూ కట్టెబొగ్గే. రాక్షసిబొగ్గు పొగలో గంధకం ఉంటుంది. గంధకం తగిలితే వెండి నల్లబడుతుంది. కాబట్టి 40 ఏళ్లు నేను ఈ ఊరి బొగ్గును చేత్తో ముట్టనే లేదు. ముట్టాక తెలిసింది, నాకు తెలిసింది శూన్యమని.

బొగ్గు అంతా ఒకటే నలుపు అనుకుంటాం. ముక్క విరిచి వెలుతురులో పట్టుకుంటే పొరలు కనిపిస్తాయి. ఒక పొర అద్దంలా మెరుస్తుంది. దాని పక్కది మసకగా, బూడిద కలిసినట్టు ఉంటుంది. మధ్యలో ఎక్కడో పట్టులా నిగనిగలాడే సన్నటి చార, వేలు పెడితే మసి అంటుకునేది అదే. మెరిసే పొరను చూసి ఆశపడి దాన్నే చెక్కబోయాను. గోటితో నొక్కినా చిన్నచిన్న పలకలుగా రాలిపోయింది. మసక పొర గట్టిది, ఆకురాయికి ఓర్చుకుంటుంది. ఇప్పుడు మసక పొరలోనే ఆకారం తీస్తాను, మెరుపు చార ఒక్కటి అడ్డంగా పోయేలా చూసుకుంటాను. అదే దాని అందం. పాతిక కోట్ల ఏళ్ల పైబడిన అడవిలో ఏది కట్టె, ఏది ఆకూ బురదా అన్నది ఆ పొరల్లో రాసుంది.

ఎండలో పెడితే బొగ్గు పగులుతుంది. తడి గుడ్డలో చుట్టి, రోజుకింత గాలి తగలనిచ్చి, నెల రోజులు ఆరబెట్టాలి. అప్పుడు పలచటి రెసిన్ పట్టించాలి. అది సందుల్లోకి ఇంకి లోపలినుంచి పట్టుకుంటుంది. వానాకాలంలో మాత్రం రెసిన్ జోలికి పోవద్దు, పైన పాల మీగడలా తెల్లటి పొర కడుతుంది. అరగదీయడం ఎప్పుడూ నీళ్లలోనే. పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చివర తేనెమైనం, మెత్తని నూలుగుడ్డ.

ఇక గూడు. అతుకులన్నీ ముందే అయిపోవాలి. చింతపండు పులుసులో ఉడికి, కుంకుడు నురగతో కడిగి, తళతళలాడి, ఇక ఈ వస్తువుకు నిప్పుతో పని లేదు అనుకున్నాకే బొగ్గు లోపలికి వెళ్లాలి. మెత్తని శుద్ధవెండి పట్టీని బొగ్గు అంచు మీదికి చల్లగా ఒత్తి మడవాలి. లేదా తీగ జాలీ రెండు చిప్పలుగా చేసి, మధ్యలో బొగ్గు పెట్టి, తీగతోనే కుట్టినట్టు బిగించాలి. మా నాయన నేర్పిన జాలీ నాకు అక్కడ అక్కరకొచ్చింది. లోపల నల్లటిది, దాని మీద వెండి వల. వలలోంచి వేలు దూరదు గనుక మసి అంటదు, గాలి తగులుతుంది గనుక బొగ్గు చెమర్చదు.

4. చెవి ఎంత మోయగలదో ముందు అడుగు

వెండి నీళ్లకంటే పదిన్నర రెట్లు బరువు. బంగారం పంతొమ్మిది రెట్లు. బొగ్గు ఒకటిన్నర రెట్లకు అటూ ఇటూ. ఈ లెక్క చూశాక నాకు పాత గంటీలు గుర్తొచ్చాయి, మా అమ్మమ్మ చెవి తమ్మె వాటి బరువుకు సాగి భుజం మీదికి దిగిన సంగతి గుర్తొచ్చింది. అంతే పెద్ద గంటీ బొగ్గులో చేస్తే పెట్టుకున్నట్టే తెలియదు. చెవిలో దూరే పుల్ల మాత్రం బంగారమో వెండో అయి ఉండాలి. అక్కడ ప్రయోగాలు చేయకూడదు.

5. ఏ లోహానికి ఎవరితో పగో తెలుసుకో

హాలేజ్ తాడంటే బాయిలోంచి బొగ్గు టబ్బులను లాగే ఉక్కు తాడు. పాత సామాను కొట్లో మూరెడు ముక్క కొన్నాను. లోపల నారతాడు, దానికి పట్టిన గ్రీజు, చుట్టూ పేటలు పేటలుగా ఉక్కు తీగ. కిరసనాయిలులో నానబెట్టి విడదీసి, వెండి తీగలాగే చుట్ట చుట్టబోయాను. వదలగానే విప్పుకుని చెంప మీద కొట్టింది. మళ్లీ చుట్టాను. మళ్లీ కొట్టింది. దాన్ని చేసిందే టన్నులు లాగి కూడా సాగకుండా ఉండటానికి. నేనేమో పూరేకులా వంగమంటున్నాను. ఎర్రగా కాల్చి బూడిదలో పూడ్చి తెల్లవార్లూ నెమ్మదిగా చల్లారనిచ్చాక గాని మాట వినలేదు. విన్నాక కూడా తుప్పు. మైనం పట్టించినా చెమట ఎక్కువున్న మనిషి ఒంటి మీద ఎర్రటి మరక పడుతుంది. అందుకని ఇనుప తీగను బ్రూచ్‌లకే వాడతాను. అది బట్ట మీద ఉంటుంది, చర్మానికి తగలదు. బ్రూచ్ మన ఆడవాళ్ల అలవాటు కాదనుకుంటారు. చీర కుచ్చిళ్లకు పిన్నీసు పెట్టని ఇల్లు చూపించండి.

అలుమినియం మీద మోజు పడ్డాను ఒకసారి. తేలిక, చవక, రంగులు ఎక్కించవచ్చు. ఐరోపాలో 1960ల చివర్లోనే నెదర్లాండ్స్ కళాకారులు హెయిస్ బాకర్, ఎమ్మీ ఫాన్ లేర్సుమ్ అలుమినియంతో పెద్దపెద్ద కంటెలు చేసి, నగంటే బంగారమేనా అని అడిగారట. అలుమినియం కడియం ఒకటి చేసి మా బావమరిదికి ఇచ్చాను. వెనక్కి ఇచ్చేశాడు.

"బావా, గిది వెట్టుకొని బాయిలకు పోనియ్యరు ఎర్కేనా? తుప్పు వట్టిన ఇనుము మీద అలుమినియం రాసుకుంటే రవ్వ లేస్తది. గ్యాసున్న జాగల గంతే సాలు."

ఆయన రిటైరై ఎనిమిదేళ్లు. అయినా కడియం పెట్టుకోలేదు. యంత్రం దగ్గర వేలికి ఉంగరం ఉండకూడదన్నదీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నా పాలిషింగ్ మోటారు ముందు కూర్చునేటప్పుడు పెళ్లినాటి ఉంగరం తీసి మేకుకు తగిలిస్తాను. నగలు చేసేవాడి వేళ్లు బోసిగా ఉండటం చూసి కొత్త గిరాకీలు అనుమానపడతారు. పడనీ.

6. రంగు తీగ కనిపించగానే చేయి చాపకు

ఎరుపు, పసుపు రంగుల్లో సన్నటి తీగలు బొగ్గు కుప్పల్లో దొరికేవి. పిల్లలు వాటితో ఉంగరాలు, గాజులు అల్లుకునేవాళ్లు. ఎంత బాగుండేవో. అవి పేలుడుకు వాడే డిటోనేటర్ల తీగలు. పేలకుండా మిగిలిపోయినది దాని కొసన ఉందో లేదో చూసి చెప్పగలిగేవాళ్లు బాయిలో ఉంటారు, నా కొట్లో కాదు. దక్షిణాఫ్రికాలో జులూలు రంగుల టెలిఫోన్ తీగతో బుట్టలు అల్లి ప్రపంచానికి అమ్ముతున్నారు. అట్లాంటి రంగు కావాలంటే కరెంటు సామాన్ల కొట్టుకు వెళ్లి కొనుక్కో.

7. నలుపు సంగతి ఆడవాళ్లనడుగు

బొగ్గు పతకాలు నాలుగు చేసి కొట్టు అద్దాల పెట్టెలో పెట్టాను. ఏడాది కదల్లేదు. "నలుపు మంచిది కాదు" అని ఒకరు, "నరదిష్టికి కట్టేదానిలెక్కున్నది" అని ఒకరు. నాకూ నిజమేననిపించి తీసి లోపల పెట్టబోతున్నాను.

అప్పుడు ఒక పెద్దామె వచ్చింది, వెనకాల ఆమె మొగుడు. ఆయన తట్టా చెమ్మస్ కాలం మనిషి, యంత్రాలు రాకముందు బొగ్గును తట్టకెత్తి టబ్బులు నింపిన చేతులు. ఆమె కొంగు ముడిలోంచి పిడికెడంత బొగ్గుపెళ్ల తీసింది. క్వార్టర్లలో వంటకు బొగ్గు ఇచ్చే రోజుల్లోదట. గ్యాసు పొయ్యి వచ్చాక మిగిలిపోయిన ఆఖరి పెళ్ల, పారేయబుద్ధి కాక అటక మీద పెట్టుకుందట.

"నల్లపూసల నడుమ గిది ఏసిస్తవా?" అంది.

ఆయన సిగ్గుపడ్డాడు. "బొగ్గు మెడలేసుకుంటదట. మంది నవ్వుతరని చెప్పు జర" అన్నాడు నాతో.

"30 ఏండ్లు నీ బాయి బట్టలు ఉతికిన. నవ్వేటోళ్లు వచ్చి ఉతకవోతే తెలిసేది" అంది ఆమె, ఆయన వైపు చూడకుండానే.

నేను నోరెళ్లబెట్టి కూర్చున్నాను. 50 ఏళ్లుగా నల్లపూసలు గుచ్చి ఇస్తున్నాను. తెలుగు ముత్తైదువ మెడలో పసుపుతాడు పక్కన నిత్యం ఉండేది నలుపే కదా. అశుభమైతే అక్కడెట్లా ఉంటుంది? నా బుర్రకు తట్టని మాట ఆమె కొంగుముడిలో ఉంది.

ఆ పెళ్లలోంచి మూడు గింజలు వచ్చాయి. రంధ్రం వేయడానికే రెండు రోజులు. చేతి బర్మాతో, నీళ్లు చుక్కలు చుక్కలుగా పోస్తూ, రెండు వైపులనుంచీ సగం సగం. నాలుగోది పగిలింది. లోపలినుంచి వెండి గొట్టం దూర్చి, రెండు కొసలా చిన్న తీగ పువ్వు తొడిగాను, పూసతాడు బొగ్గును కోయకుండా. ఇప్పటికీ ఆమె చౌరస్తాలో కూరగాయలు కొంటుంటే మెడలో కనిపిస్తాయి.

తరువాత చదివి తెలుసుకున్నాను. ఇంగ్లండులో విట్బీ అనే సముద్రపు ఊళ్లో జెట్ అనే నల్లరాయి దొరుకుతుంది. రాయి అంటారు గాని అది కూడా మన బొగ్గులాంటిదే, కోట్ల ఏళ్ల కింద మునిగి మాగిన కట్టె. 1861లో విక్టోరియా రాణి భర్త పోయాక ఆమె దుఃఖసూచకంగా దాన్నే పెట్టుకుంది. దేశమంతా ఆమెను చూసి పెట్టుకుంది. ఆ ఊళ్లో ఎంతోమంది దానిమీద బతికారు. జెట్ ఏకరూపంగా ఉంటుంది, మన బొగ్గులా పొరలు పొరలుగా విడిపోదు. ఈర్ష్యగా ఉంటుంది నాకు. కానీ వాళ్లకు నలుపంటే చావు. ఇక్కడ నలుపు పసుపుతాడుకు తోడు. మన బీదర్ పనివాళ్లు తుత్తునాగంలో కాస్త రాగి కలిపి పోత పోసి, వెండి పొదిగి, కోట మట్టితో నవాసారం కలిపి రుద్దితే అడుగు లోహం కారునలుపెక్కి వెండి మాత్రం తెల్లగా మిగులుతుంది. ఆ నలుపు లేకపోతే ఆ తెలుపు ఎవరికి కావాలి?

అద్దాల పెట్టెలో పతకాలు మళ్లీ ముందుకు వచ్చాయి. ఇప్పుడు వెనక బంగారు రంగు గుడ్డ తీసేసి తెల్లగుడ్డ వేశాను.

8. లోపల ఏముందో దాచొద్దు, దాచినా దానికో కారణం ఉండాలి

మన పుస్తెలు చాలామటుకు బోలువి, లోపల లక్క. పలచటి బంగారు రేకు సొట్టపడకుండా లక్క మోస్తుంది. లక్కలో గట్టిదనానికి ఇటుకపొడి కలుపుతాం. ఒకసారి ఇటుకపొడికి బదులు ఎన్టీపీసీ పవర్‌హౌస్ బూడిద జల్లెడ పట్టి కలిపి చూశాను. పొయ్యి బూడిద గరగరలాడుతుంది, ఇది పౌడరులా జారుతుంది. పవర్‌హౌస్ బూడిద గింజలు చాలావరకు గుండ్రంగా, గాజు గోలీల్లా ఉంటాయని మనవరాలు వాళ్ల కాలేజీ సూక్ష్మదర్శినిలో చూసి చెప్పింది. లక్క నున్నగా, బూడిద గుమ్మడి వన్నెలో వచ్చింది. దాన్ని లోపల దాచడమెందుకని బయటికే తెచ్చి, వెండి చట్రాల్లో మీనాకారీలా నింపాను. ముక్కుకు గుడ్డ కట్టుకోకుండా మాత్రం ఆ బూడిద ముట్టవద్దు. వేసవిలో ఈ నగను కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టవద్దని గిరాకీకి చెప్పాలి. లక్క లక్కే, కరుగుతుంది.

స్విట్జర్లాండులో పుట్టి మ్యూనిక్‌లో స్థిరపడ్డ ఒట్టో క్యుంజ్లి అనే కళాకారుడు 1980లో ఒక కడియం చేశాడు. చూడటానికి నల్ల రబ్బరు గొట్టం. ఒకచోట ఉబ్బెత్తుగా ఉంటుంది. ఆ ఉబ్బులో బంగారు గుండు ఉంది. కనిపించదు. దాని పేరు "బంగారం కళ్లు పోగొడుతుంది". మనవరాలు ఫోనులో బొమ్మ చూపించినప్పుడు నవ్వొచ్చింది. మేం బయట బంగారం పెట్టి లోపల లక్క దాస్తాం. ఆయన బయట రబ్బరు పెట్టి లోపల బంగారం దాచాడు. అది ఉందో లేదో తెలియాలంటే రబ్బరు అరగాలి, లేదా చేసినవాణ్ని నమ్మాలి. అవుసలిని నమ్మడమనే ఆ పాత చిక్కునే ఆయన చేతికి తొడిగాడు.

ఇట్లాంటివన్నీ చూసి నేర్చుకోవాలి గాని, అన్నీ నాకు నచ్చవు. నెదర్లాండ్స్‌లో డాన్ రోజ్‌గార్డ్ అనే ఆయన 2015లో గాలి శుభ్రం చేసే బురుజు కట్టి, అందులో చిక్కిన పొగమసిని గట్టిగా అదిమి, గాజులాంటి ఘనంలో పెట్టి ఉంగరాలు చేశాడు. ఒక్కో ఉంగరానికి వెయ్యి ఘనపు మీటర్ల గాలి శుభ్రమైనట్టు లెక్క. మంచి ఆలోచన. ఉంగరం మాత్రం కథ చెప్పడానికే పుట్టినట్టుంది. కథ విన్నవాళ్లు వెళ్లిపోయాక, మర్నాడు పొద్దున స్నానం చేసి వచ్చి మళ్లీ అదే వేలికి తొడుక్కోవాలనిపిస్తుందా? నేను చేసే ప్రతిదానికీ ఆ పరీక్ష పెడతాను. సగం తప్పుతాయి.

9. రజను కలపకు

బంగారం రజనుకొక పళ్లెం, వెండికొకటి, బొగ్గుకొకటి. ఒకనాడు బద్ధకించి వెండి, బొగ్గు ఒకే పళ్లెంలో పడనిచ్చాను. కొట్టు ఊడ్చిన మట్టి కొనుక్కుపోయే ఆయన అది చూసి, నల్లగా ఉందని మామూలు ధరలో సగం ఇచ్చాడు.

10. తులం కాదు, మస్టర్

అసలు తిప్పలు ధర దగ్గర.

మా వ్యాపారంలో ధరంటే తూకం. తులం రేటు, తరుగు, మజూరీ. 2021 నుంచి బంగారానికి హాల్‌మార్కు తప్పనిసరి అయింది, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు గుర్తులు కొట్టి మరీ ఇస్తున్నారు. నల్లరాయి మీద గీసి చూసే రోజులు పోయినా లెక్క మాత్రం అదే, ఎంత లోహం, ఎంత స్వచ్ఛం. మజూరీ అన్నది ఆ లెక్క చివర బిచ్చం వేసినట్టు కలిపేది. ఫిలిగ్రీ పనివాడు అందుకే ఎప్పుడూ ఓడిపోయాడు. వాడి గొప్పతనమంతా తక్కువ వెండితో ఎక్కువ పని చేయడంలో ఉంది. మనం కొనేదేమో వెండి.

బొగ్గుతో ఆ చిక్కు ఇంకా ముదిరింది. మొదటి పతకం కొన్నాయన కాటా మీద పెట్టమన్నాడు. వెండి ఐదు గ్రాములు, బొగ్గు నాలుగు. "బొగ్గు టన్నెంత? అందులో నాలుగు గ్రాములు తియ్యి" అని పకపక నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. 11 రోజుల పని అది.

ఆ రాత్రి మా బావమరిది ఒక మాటన్నాడు. "బావా, మేం బాయిల ఎన్ని టన్నులు ఎల్లిందని సూసి జీతం తీసుకున్నమా? మస్టర్ వడ్డదా లేదా? గదే లెక్క." గుడ్డిదీపం కాలంలో తట్ట కూలీలకు టబ్బుల లెక్క ఉండేది గాని, అది ఆయనకు గుర్తుచేయలేదు. ఫిట్టరు గదా, ఆయన జీవితమంతా మస్టర్ మీదే, అంటే హాజరు మీదే నడిచింది.

మర్నాడు నోటుబుక్కు కొన్నాను. ప్రతి నగకు ఒక పేజీ. పని మీద కూర్చున్న రోజుకు ఒక మస్టర్. సగం రోజు కూర్చుంటే సగం. బొగ్గు పగిలిపోయిన రోజుకు కూడా మస్టర్ వేస్తాను, ఎందుకంటే పగలడం కూడా పనిలో భాగమే, నా బద్ధకం వల్ల పగిలితే తప్ప. అది నేనే తీర్పు చెప్పుకోవాలి. మా ఇంటామె అప్పుడప్పుడు కొట్టేస్తుంది. "ఆ దినం నువ్వు టీవీ సూస్తివి" అని.

మస్టర్‌కు 1,200 రూపాయలు పెట్టుకున్నాను. బిల్లు మీద రెండే గీతలు. వెండి ఇంత, మస్టర్లు ఇన్ని. బొగ్గుకు సున్నా. మొదట్లో ఎవరూ ఒప్పుకోలేదు. చిత్రమేమంటే మొదట ఒప్పుకున్నది బాయి మనుషులే. తొమ్మిది మస్టర్లు అనగానే వాళ్లు తూకం అడగరు. నగను తిప్పి వెనక చూస్తారు, వేలితో అతుకు తడుముతారు, తల ఊపుతారు. ఒకాయన మాత్రం "నైట్ షిఫ్టు అలవెన్సు వెయ్యలేదా?" అన్నాడు. నిజానికి కొన్ని రాత్రులు కూర్చున్నాను, వేసుకోవాల్సింది.

నష్టం లేదని చెప్పను. పోయిన ఏడు ఈ పద్ధతిలో అమ్మినవి 14. పాత పద్ధతిలో పుస్తెలు, మెట్టెలు అమ్మిన డబ్బే ఇప్పటికీ ఇంటి బియ్యం, పప్పు. మనవరాలు ఈ లెక్క చూసి, హైదరాబాదులో ప్రదర్శన పెడదాం, ధర మూడింతలు చేద్దాం అంటోంది. చేయవచ్చు. మస్టర్ రేటు పెంచుతావా, లేని మస్టర్లు రాస్తావా అని అడిగాను. రేటే అంది. అయితే సరే అన్నాను.

ఇప్పుడు బల్ల మీద ఒక కంటె ఉంది. హాలేజ్ తాడు తీగ చట్రం, వెండి అల్లిక, మధ్యన ఏడు బొగ్గు గింజలు, వాటిలో రెండు ఇంకా తడి గుడ్డలోనే ఉన్నాయి. 18 మస్టర్లు పడ్డాయి. పోయిన ఆదివారం మనవరాలు వచ్చి నాలుగో గింజకు తనే రంధ్రం వేసింది. పగల్లేదు. చేతులు కడుక్కుని వచ్చి, మస్టర్ల నోటుబుక్కు తెరిచి, తన పేరు మీద ఒక మస్టర్ వేయమంది.

పదకొండింటికి లేచి వచ్చింది. సగమే వేశాను.